ఓడకు కావలసిన ముఖం

పన్నెండేళ్లు సముద్రాల మీద చుక్కాని పట్టిన యాకయ్య ఇప్పుడు ఓడను నడిపేది సముద్రం ఆనవాలే లేని మడికొండలో. నడిపేది అనడం కూడా గొప్పకే. ఇరవై ఇద్దరు చేసే పనిని కంప్యూటర్ చేస్తుంది, ఓడ తనంతట తానే పోతుంది. ఐటీ పార్కు మూడో అంతస్తులో, ఏసీ గదిలో, తెర ముందు కూర్చుని యాకయ్య దాన్ని చూస్తూ ఉండాలి. ఆయన చూస్తున్నాడో నిద్రపోతున్నాడో చూడటానికి ఎదురుగా ఒక కెమెరా ఉంది. కంపెనీకి ఆయన మీద అంత నమ్మకం.

దసరా ముందు మేనేజర్ పద్మలత కబురు చెప్పింది.

“యాకన్నా, మనిషి లేకున్నా ఓడ పోతదా అని హెడ్డాఫీసోళ్లు లెక్క తీస్తాండ్రు. పోతదంటే మీ సీటు తీసేస్తరు.”

“మరి నేనేం చెయ్యాలె మేడం?”

“ఏం చెయ్యకుండ్రి. ఇన్నొద్దులు చేసిందదే గద.”

యాకయ్య డ్యూటీ దిగి ఇంటికి వెళ్లాడు. తుపాన్లలో ఓడను కాచినవాడు ఇంట్లో ఆ ముక్క చెప్పలేక అన్నం సగంలో వదిలేశాడు.

ఓడకు పండుగ సెలవు లేదు కాబట్టి దసరా పొద్దున కూడా డ్యూటీకి వెళ్లాడు. ఆఫీసు ఊడ్చే బక్కమ్మ కంప్యూటర్లన్నిటికీ పసుపు కుంకుమ పెడుతోంది. అన్నం పెట్టే సామాను ఒక్కటీ మిగలకూడదని కెమెరాకూ కంటి నిండా బొట్టు పెట్టింది. యాకయ్య భక్తిగా దండం పెట్టాడు.

కాసేపటికి నడిసముద్రంలో ఓడ ఆగిపోయింది. కాపలా మనిషి కనిపించడం లేదు కాబట్టి ఆపేశానని తెర మీద రాసింది. మనుషులే అక్కర్లేదని కట్టిన ఓడ, యాకయ్య ముఖం కనబడక బెంగపెట్టుకుంది.

బక్కమ్మ కొంగుతో కెమెరా తుడవబోయింది.

“జర ఆగు బక్కక్కా. ఐదు నిమిషాలు ఉండనీ,” అన్నాడు యాకయ్య. ఆ ఐదు నిమిషాలు ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది. తర్వాత కెమెరా తుడిచి, తన ముఖం కనబడకపోతే ఓడ కదలదని రిపోర్టు రాసి పంపాడు.

హెడ్డాఫీసు రిపోర్టును శ్రద్ధగా చదివింది. వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. ఓడకు యాకయ్య ముఖం తప్పనిసరి అని ఒప్పుకున్నారు. కనుక కళ్లు బాగా తెరిచిన ఫొటో ఒకటి, ఛాతీ దాకా, వెంటనే ఇవ్వాలి. మిగతా యాకయ్య నెలాఖరుకు వెళ్లిపోవచ్చు.

ఫొటోకు ఫ్రేము కట్టించి కుర్చీలో నిలబెట్టారు. కెమెరా ఒప్పుకుంది.

ఆఖరి శుక్రవారం గుర్తింపు కార్డు తిరిగి ఇవ్వడానికి యాకయ్య పైకి వచ్చాడు. బక్కమ్మ అప్పుడే ఆ ఫొటోకు నుదుట బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కళ్లు ఒత్తుకుంటోంది.

“మంచోడు ఉండె,” అంది ఆయనతోనే.

తెర మీద ఓడ ఎక్కడా ఆగకుండా పోతూనే ఉంది.