టాలీ వాగులో బాప్తిస్మం

టాలీ వాగు రంగు మారిందని చర్చి సంఘంలో ఎవరూ పైకి అనకూడదు. అన్నవాడు ఆ పూటతో అవతలి పార్టీవాడైపోతాడు. రంగు మాత్రం మారింది. పై కొండను పేల్చి బొగ్గు తీయడం మొదలుపెట్టాక రాళ్ళన్నిటికీ తుప్పురంగు పొర పట్టింది. ఎండాకాలంలో వాగులో దిగి ఆడుకున్న పిల్లలకు కాళ్ళనిండా పొక్కులు లేచాయి. అవి దోమకాట్లని పెద్దలు తేల్చేశారు. కెంటకీ కొండల్లో దోమలు ఇంత అపకీర్తి ఎన్నడూ మోయలేదు.

పాస్టరు వెండెల్ స్టాలర్డ్‌కు ఇదంతా తెలుసు. తెలిసీ గోడమీద పిల్లిలా కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చేసి, శవాలను సాగనంపి నిలబెట్టుకున్న సంఘం అది. ఇంకో పదేళ్ళు అలాగే కూర్చునేవాడేమో గానీ, భార్య ఓపల్ ఆ గోడ కాస్తా పడగొట్టింది. నీళ్ళు పరీక్షించేదాకా కొత్త తవ్వకానికి అనుమతి ఇవ్వొద్దని కొందరు విశ్వాసులు రాసిన ఉత్తరంలో ఆమె సంతకం పెట్టింది. అది పేర్లతో సహా పత్రికలో అచ్చయింది. ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. మరుసటి ఆదివారానికల్లా నాలుగు కుటుంబాలు గుడికి రావడం మానేశాయి.

ఆ సంఘంలో ముఖాముఖి తగువులాడడం పాపం. అందుకని ప్రార్థనలో తగువులాడుకుంటారు. బుధవారం కూడికలో సంఘపెద్ద హోబర్ట్ రాట్లిఫ్ కళ్ళు మూసుకుని అందుకున్నాడు. గనిలో మేస్త్రీ అతను, గొంతు కూడా అలాంటిదే.

"ప్రభువా, నిన్ను వదిలేసి చెట్లకీ చేపలకీ మొక్కేవాళ్ళున్నారయ్యా మా మధ్య. వాళ్ళని మళ్ళీ దారికి తే తండ్రీ. పేర్లెందుకులే, నీకు తెలుసు."

"ఆమేన్," అన్నారు సగం మంది.

ఓపల్ కూడా కళ్ళు తెరవలేదు. "ప్రభువా, రోజూ ఆ వాగు దాటి పనికెళ్తూ దాని రంగు చూడలేని వాళ్ళకి కూడా కాస్త చూపివ్వు తండ్రీ. కళ్ళద్దాలతో అయ్యే పని కాదు మరి."

ఈసారి ఆమేన్ అన్నది ఒక్క ముసలమ్మే. ఆవిడకు చెముడు.

కూడిక అయ్యాక హోబర్ట్ వెండెల్‌ను పక్కకు పిలిచాడు. ఆదివారం అతని మనవరాలు జోసీ బాప్తిస్మం. పదేళ్ళ పిల్ల, ఏడాదిగా అడుగుతోంది.

"హోబర్టూ, గుడిలో తొట్టి ఉందిగా. అందులో ఇచ్చేద్దామా?" అన్నాడు వెండెల్, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు.

"తొట్టి చలికాలానికి పాస్టరుగారూ. ఇప్పుడేం చలి? మా తాత ఆ వాగులోనే మునిగాడు, నేనూ అందులోనే మునిగా. ఇవాళ తొట్టి నింపితే ఊరంతా ఏమనుకుంటుంది? పాస్టరమ్మ మాటే నిజమనుకోదూ?"

"పిల్ల ఒంటి సంగతి..."

"మీరు ఎటువైపో సంఘం తేల్చుకోవాలనుకుంటోంది. ఆదివారం తేలిపోద్ది." ఆ మాట అని హోబర్ట్ టోపీ పెట్టుకున్నాడు. అంతకుముందు అతను పాస్టరు ముందు టోపీ పెట్టుకుని ఎరగడు.

ఇంటికి వెళ్ళాక సంగతి విని ఓపల్ ఒక్కటే అడిగింది. "అది మన మనవరాలైతే దించుతావా?"

"సంఘం రెండు ముక్కలైపోతుందే."

"అయితే పిల్లని దించి అతుకుతావా?"

వెండెల్‌కు ఆమె మీదే కోపం వచ్చింది. ఆ కోపం అన్యాయమని తెలిసి, పళ్ళెం పక్కకు జరిపి లేచాడు.

ఆదివారం మధ్యాహ్నం వాగు గట్టున నలభై మంది నిలబడి పాడారు. మానేసిన నాలుగు కుటుంబాలూ వచ్చాయి. పాట కోసం కాదు, చూడ్డానికి. వెండెల్ నడుములోతు నీళ్ళలో నిలబడ్డాడు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళని ఇంటిపెద్దే చెయ్యి పట్టుకుని తెచ్చి పాస్టరుకు అప్పగించడం అక్కడి ఆచారం. తెల్లగౌను వేసుకున్న జోసీని హోబర్ట్ నడిపించుకొచ్చాడు. గౌను అంచుకు అప్పుడే నారింజరంగు ఎక్కింది.

అప్పగించే ముందు హోబర్ట్ వంగి పిల్ల చెవిలో చెప్పాడు. గుసగుసే గానీ వెండెల్‌కు ప్రతి మాటా వినిపించింది.

"నోరు గట్టిగా మూసుకో తల్లీ. కళ్ళు కూడా. ఒక్క చుక్క మింగకు. నేను చెప్పేదాకా తెరవొద్దు."

వెండెల్ తలెత్తాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. నువ్వు ఆపరాదా అన్నట్టున్నాయి హోబర్ట్ కళ్ళు. నువ్వే ఆపరాదా అనుకున్నాడు వెండెల్. గట్టున పాట రెండోసారి మొదటికొచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరి నోటివైపు ఒకరు చూస్తూ ఉండగా, మధ్యలో పిల్ల పెదాలు బిగించి, రెప్పలు నొక్కి, చేతులు గుండెల మీద పెట్టుకుని వెనక్కి వాలింది. అంత నమ్మకంగా ఆ ముప్ఫై ఏళ్ళలో అతని చేతుల్లోకి ఎవరూ వాలలేదు.

అతను ముంచాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేర్లు ఎన్నడూ లేనంత వేగంగా పలికి పైకి లేపాడు.

"స్తోత్రం! హల్లెలూయ!" గట్టంతా మారుమోగింది.

జోసీ తాత చెయ్యి పట్టుకుని గుడ్డిదానిలా గట్టెక్కింది. ఓపల్ అక్కడ కొట్లో కొన్న నీళ్ళ డబ్బాలు రెండు పెట్టుకుని కాచుకుని ఉంది. ఒకటి మూత తీసి, అందరూ చూస్తుండగానే పిల్ల తలమీద గుమ్మరించి మొహం తుడవసాగింది.

"ఏందమ్మా ఇది?" వెనకనుంచి ఎవరో అరిచారు. "బాప్తిస్మం కడిగేస్తన్నావా?"

"బాప్తిస్మం కడిగితే పోదు నాయనా. ఇది పోతుందేమో చూస్తన్నా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. హోబర్ట్ రెండో డబ్బా అందుకున్నాడు. దాన్ని విసిరేస్తాడనే అనుకున్నారంతా. అతను మోకాళ్ళ మీద కూలబడి మనవరాలి పాదాల మీద నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. వేళ్ళ సందులు కూడా వదలకుండా కడిగాడు. అతని టోపీ జారి బురదలో పడింది, తీసుకోలేదు.

పాట ఆగిపోయింది. పిల్ల ముక్కుతో గట్టిగా గాలి పీల్చుకుంటూ తాత భుజం తట్టింది. తన నోటివైపు వేలు చూపించింది.

"తెరువు తల్లీ," అన్నాడు హోబర్ట్. అతని గొంతు గనిమేస్త్రీ గొంతులా లేదు. "ఇంక తెరువు."

"కడుపులోకి పోలేదు తాతా," అంది జోసీ గట్టిగా, మెచ్చుకుంటారని. "ఒక్క చుక్క కూడా పోలేదు."

నలభై మందీ విన్నారు. వెండెల్ ఇంకా నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు. గట్టెక్కాలంటే ఆ పిల్ల పక్కనుంచే రావాలి.