గంగాలమ్మ ఎంప్లాయీ నంబరు

అర్జునరావు పెళ్లి ఒక పాట మూలంగా జరిగింది. ఆ పాట ఏదో అతనికిప్పుడు గుర్తు లేదు.

తొంభై ఆరులో ఉక్కునగరంలో కేబుల్ పోలిరాజు సొంత చానెల్ పెట్టాడు. రోజూ నాలుగు గంటలకి చంద్రిక అనే అమ్మాయి కూర్చుని, ఫోన్ చేసినవాళ్లకి అడిగిన పాట వేసేది. పేరు, సెక్టారు, ఆ పూట కూర, పాట ఎవరి కోసం, ఇవన్నీ చెప్పాలి. ఆ గంటలో టౌన్‌షిప్ నిండా కూరలు మాడేవి. రోలింగ్ మిల్లులో పనిచేసే అర్జునరావుకి ఇరవై రెండు రోజులకి గాని లైను దొరకలేదు. దొరికిన కంగారులో, కంట్రోల్ రూముకి ఫోన్ చేసే అలవాటు కొద్దీ పేరు చెప్పి, వెంటనే ఎంప్లాయీ నంబరు కూడా చెప్పేశాడు: నాలుగు ఒకటి ఏడు సున్నా తొమ్మిది.

"నంబరెందుకండీ, సెలవేమైనా కావాలా?" అంది చంద్రిక.

ఊరంతా నవ్వింది. ఏడాది తిరిగేసరికి పెళ్లయింది.

పదేళ్లు గడిచాయి. పాటలు సీడీల్లోకి, అక్కణ్ణించి సెల్‌ఫోన్లలోకి పోయాయి. బస్సులో ఎవడి అరచేతిలో వాడి హీరోయిన్ గెంతుతోంది. చంద్రిక మాత్రం రోజూ పూలు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చునేది. అది మోగేది కాదు. ఎవరూ చూడకపోయినా ఇళ్లలో టీవీలు ఆ చానెల్ మీదే ఫ్యాన్లలాగా నడుస్తూనే ఉండేవి.

శనివారం గంటలో పది ఫోన్లు రాకపోతే పాటలు ఎత్తేసి గిన్నెల ప్రకటనలు వేస్తానన్నాడు పోలిరాజు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి చంద్రిక ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగింది. ఆ పూట తిన్నది పెరుగన్నం.

శనివారం అర్జునరావుకి పగలు డ్యూటీ లేదు. పక్క క్వార్టరు గంగాలమ్మ ఇంట్లో టీవీకి ఎదురుగా, ఫోన్ పక్కన కూర్చున్నాడు. ముసలావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

ముందు ఫోన్ చేసి వణుకు గొంతుతో రమణమూర్తి అయ్యాడు. టీవీలో చంద్రిక మొహం వెలిగింది. తర్వాత ముక్కు పట్టుకుని గవర్రాజు అయ్యాడు. రిసీవరు మీద తువ్వాలు కప్పి బడిపిల్లాడయ్యాడు. మూడూ గట్టెక్కేసరికి ఒళ్లు తెలియలేదు. ఆడగొంతు ఎత్తాడు.

"నాను గంగాలమ్మనండి. ఆరో సెక్టారు. సిక్కుడుకాయ కూర. పాట మా ఆయన కోసం. ఎంప్లాయీ నంబరు నాలుగు ఒకటి ఏడు సున్నా తొమ్మిది."

గంగాలమ్మ చేతిలో కాయ జారిపోయింది. "మా ఆయన పోయి ఏడేళ్లయిపోనాది గదరా," అంది. అదీ లైనులోకి వెళ్లింది.

చంద్రిక పెదవి కొరుక్కుని బల్ల కిందికి చూసింది. మళ్లీ తలెత్తి, "నంబరెందుకమ్మా, సెలవేమైనా కావాలా?" అంది.

అర్జునరావు ఫోన్ పెట్టేశాడు. పెళ్లాం కొంప తానే ముంచాడు. తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు.

టీవీలో ఫోన్ మోగింది. మిల్లు ఫోర్‌మన్ సన్యాసిరాజు. పదేళ్లలో ఒక్క పాట అడిగిన మనిషి కాదు.

"నా పేరూ గంగాలమ్మేనమ్మా. నాలుగు ఒకటి ఏడు సున్నా తొమ్మిది. ఆ నంబరు బావకి సెలవియ్యను గానీ పాటెయ్యి."

పెట్టీపెట్టగానే మళ్లీ మోగింది. బొంగురు గొంతు గంగాలమ్మలు, క్యాంటీన్ గంగాలమ్మలు, నవ్వు ఆపుకోలేక నంబరు మధ్యలో తెగిపోయిన గంగాలమ్మలు. ఆ గంటలో ఇరవై ముగ్గురు. చాలా రోజులకి కూరలు మాడాయి. ఒక్కరూ పాట పేరు చెప్పలేదు. ఒక్కరూ పాట చూడలేదు. పోలిరాజు అడిగింది ఫోన్లే కాబట్టి మాట మీద నిలబడక తప్పలేదు.

చంద్రిక ఇంటికొచ్చేసరికి అర్జునరావు పేపరు తలకిందులుగా చదువుతున్నాడు. ఆమె దాన్ని తిప్పి చేతికిచ్చింది.

"రమణమూర్తి గొంతు కాడే మిమ్మల్ని పోల్చీసేను," అంది. "మొహం ఎందుకెలిగిందనుకున్నారు?"

మర్నాడు గంగాలమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పాట కోసం ఫోన్ చేసింది. తాను నిజం గంగాలమ్మనని ఒట్టు వేసింది. నంబరు చెప్పనిదే వెయ్యనంది చంద్రిక.

ముసలావిడ చెప్పింది. ఒక్క అంకె తప్పలేదు.