యాభై గీత

కిలో పిండి దగ్గర దగ్గర ఇరవై రోజులు వచ్చిందని దేముడమ్మ వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళకి చెప్పింది. "మా కోడలి సేతిలో కలిసొస్తది" అంది. దేవిశ్రీ పెరట్లో అంట్లు తోముతూ ఆ మాట విన్నది. పెళ్ళయి మూడేళ్ళయింది. ఆ ఇంట్లో ఆమె విన్న మెప్పు అదొక్కటే. సంతోషపడింది. తరవాత ఆ సంతోషాన్ని ఆమె ఎప్పటికీ క్షమించుకోలేదు.

ఆ పిండి కూతురు కీర్తిది. పది నెలల పిల్ల, ఆరు నెలల పిల్లలా ఉండేది. అనకాపల్లిలో డాక్టరుకి చూపించారు. తల్లిపాలు చాలడం లేదు, రాగిజావ పట్టండి, పూటకి యాభై గ్రాముల పిండి, రెండు పూటలా అని డాక్టరు చెప్పాడు. ఒళ్ళో పిల్లని పెట్టుకున్నది దేవిశ్రీ. డాక్టరు చెప్పింది ప్రేమ్‌కుమార్‌కి. మొగుడు తల ఊపాడు. ఆమె కూడా ఊపింది, కానీ దాన్నెవరూ చూడలేదు.

చోళ్ళు నానబెట్టి, మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టింది. పెసలూ నువ్వులూ వేయించింది. మరకి తీసుకెళ్ళి ఆడించి తెచ్చింది. ఇదంతా చెరుకు నరికే రోజుల్లో, కూలీలకి వండి పొలానికి మోసుకెళ్ళి, పేడ తీసి, పాలు పితికాక మిగిలిన వేళల్లో. అందరూ తిన్నాక అడుగున ఏది మిగిలితే అది తినేది. పాలు ఎందుకు చాలడం లేదని డాక్టరు అడగలేదు. అడిగినా జవాబు ప్రేమ్‌కుమారే చెప్పేవాడు.

ఆ ఇంట్లో తూకం లేదు. కొలతే. బియ్యం దేముడమ్మే తవ్వతో కొలుస్తుంది. మొదటి తవ్వకి ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు. కొలవడం అయ్యాక ఒక పిడికెడు తీసి మళ్ళీ డబ్బాలో వేస్తుంది. డబ్బా ఖాళీ కాకూడదని శాస్త్రం. ఆ పిడికెడు ఎవరి వాటాలోంచి పోతుందో దేవిశ్రీకి తెలుసు. చివర తినేవాళ్ళ వాటాలోంచి. ఇక తూకం అంటే అది ప్రేమ్‌కుమార్ ఉద్యోగం. చోడవరం రోడ్డులో లారీల కాటా దగ్గర పనిచేస్తాడు. రాళ్ళ లారీలు, చెరుకు ట్రాక్టర్లు వచ్చి ఇనప పలక మీద నిలబడతాయి. లోపల గదిలో ఎర్ర అంకెలు వెలుగుతాయి. టన్నుల్లో మాట్లాడే మనిషి. ఇంట్లో కొలతంతా అత్తది. బయట బరువంతా మొగుడిది. దేవిశ్రీ ఇంటరు పాసయింది. ఆ చదువుకి ఆ ఇంట్లో పని పడలేదు.

యాభై గ్రాములు ఎలా తెలుస్తుందండీ అని మొదటి రోజే అడిగింది. ప్రేమ్‌కుమార్ పాలసీసా తీసి వెలుతురుకి పట్టి చూపించాడు. సీసా మీద గీతలున్నాయి. యాభై, వంద, నూటయాభై.

"సదువుకున్నావు కదే. యాభై అని రాసుంది. ఆ గీత దాకా పిండి పొయ్యి. యాభై గ్రాములు."

అలాగే పోసింది. రోజూ సీసా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, కాయితం చుట్టి గరాటాలా చేసి పిండి పోసేది. ఒకసారి సీసా అడుగుని గట్టుకేసి తట్టింది. పిండి కిందికి దిగింది. గీత కింద ఖాళీ కనిపించింది. ఇంకొంచెం పోసింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ దిగింది. నీళ్ళు ఇలా దిగవు, పిండి ఎందుకు దిగుతోంది అనుకుంది. వెనకే దేముడమ్మ నిలబడి ఉంది.

"కొట్టి కొట్టి పోస్తన్నావేటి? గుంటకా, నీకా?"

ఆ మాట తరవాత తట్టడం మానేసింది. పిల్ల నోటిది తల్లి తింటోందని ఊళ్ళో చెప్పగలదు దేముడమ్మ. చెబితే నమ్మేవాళ్ళు చాలామంది.

మెప్పు విన్న మర్నాడు అంట్లు తోముతూనే లెక్క వేసుకుంది. రోజుకి వంద గ్రాములైతే కిలో పది రోజుల్లో అయిపోవాలి. రెట్టింపు వచ్చింది. చేతిలో కలిసిరావడం అంటే ఏమిటి? తన చేతిలో పిండి పెరుగుతుందా? సీసాలో గీత దాకా నీళ్ళు పోసి ఒక చేత్తో పట్టుకుంది. ఒంపేసి, ఆరాక అదే గీత దాకా పిండి పోసి పట్టుకుంది. నీళ్ళే బరువు. చెయ్యి అంత గట్టిగా చెప్పింది. కానీ ఆ ఇంట్లో చేతి మాట చెల్లదు. అన్నం తింటున్న మొగుడికి చెప్పింది. ఏవండీ, నీళ్ళు బరువుగా ఉన్నాయి, పిండి తేలిగ్గా ఉంది, కొట్లో ఒకసారి తూయిద్దామా అంది. పసిదాని పిండి బజారుకెక్కిస్తే దిష్టి తగులుద్దని దేముడమ్మ లోపల్నించి అంది. పిల్లని అంగన్‌వాడీలో తూస్తామన్నా ఆవిడ పంపేది కాదు. తూస్తే ఎదగరట. ప్రేమ్‌కుమార్ ముద్ద మింగి నవ్వాడు.

"యాభై ఎక్కడైనా యాభయ్యే. పదేల్లుగా కాటా కాడ పన్జేస్తన్నాను. నాకు సెప్తావేటి బరువుల గురించి?"

ఆమె ఊరుకోలేదు. పోనీ పిల్లనైనా తూద్దాం అంది. అన్నం పెట్టేటప్పుడు అంది, బట్టలు తీసిచ్చేటప్పుడు అంది. చివరికి ఒక ఉదయం విసిగిపోయి బండి తీశాడు. తల్లినీ పిల్లనీ ఎక్కించుకుని తన కాటా దగ్గరికి తీసుకెళ్ళాడు. చెరుకు ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. డ్రైవర్లు బీడీలు కాలుస్తున్నారు. ఎక్కు అన్నాడు. లారీ నిలబడే ఇనప పలక మీద కీర్తిని ఎత్తుకుని ఆమె ఒక్కతీ నిలబడింది. ఎండకి పలక కాలుతోంది. లోపల్నించి అరిచాడు.

"తల్లీ పిల్లా నలభై."

తరవాత బయటికొచ్చి పిల్లని తీసుకుని పక్కకి జరిగాడు. కిటికీలోంచి అంకె చూశాడు. మళ్ళీ నలభయ్యే. ఈ కాటాకి ఇరవై కిలోలకి తక్కువైతే లెక్కలేదని అతనికి తెలుసు. తెలిసే తీసుకొచ్చాడు. పిల్ల తల్లి చేతుల్లో ఉన్నా నలభయ్యే, లేకపోయినా నలభయ్యే. డ్రైవర్లు నవ్వారు.

"గుంటకి బరువే లేదు బావా. టాక్సు కట్టక్కర్లేదు, పంపెయ్" అన్నాడొకడు.

ప్రేమ్‌కుమార్ కూడా నవ్వాడు. ఆమె పలక దిగింది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. మళ్ళీ గీత దాకే పోసింది. చేతికి తెలిసినది చేతిలోనే ఉండిపోయింది.

వానలు మొదలయ్యాక కీర్తికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకి కళ్ళు లోపలికి పోయాయి. అనకాపల్లి ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేర్చారు. అక్కడ పిల్లల పాలపొడి తూచడానికి బల్ల మీద చిన్న కాటా ఉంది. అరచేయంత పలక. గ్రాము పెట్టినా అంకె మారుతుంది. దేవిశ్రీ దాన్ని చాలాసేపు చూసింది. పిల్ల నిద్రపోయాక సంచిలోంచి పిండి డబ్బా, పాలసీసా తీసింది.

"ఓసారి తూసుకోవచ్చా మేడమ్" అని నర్సుని అడిగింది. నర్సు తల ఊపి తన పనిలో పడిపోయింది.

ఖాళీ సీసా పెట్టి అంకెని సున్నా చేసింది. గీత దాకా నీళ్ళు పోసింది. యాభై. ఒంపేసి, కొంగుతో లోపలంతా తుడిచి, గీత దాకా పిండి పోసింది. ఇరవై ఆరు. సీసా తీసి మళ్ళీ పెట్టింది. ఇరవై ఆరే.

ఆమె ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. సగం. తను కాచిన ప్రతి జావా సగం. పిల్ల గిన్నె అడుగు నాకేది. జావ అయిపోయాక తల్లి వేలు పట్టుకుని చప్పరించేది, వదిలేది కాదు. ఏడ్చేది. అడుగు నాకే పిల్ల దరిద్రం తెస్తదని దేముడమ్మ అంటే తను గిన్నె లాక్కునేది. డాక్టరు చెప్పినంతా పెట్టేశాను కదా, ఇంకా ఏడుపేమిటి అని విసుక్కునేది. తడిగుడ్డతో మూతి తుడిచేది, ఆకలిగా ఉన్న మూతిని తుడిచేసేది. పిండి కలిసొచ్చింది నిజమే. పిల్ల ఒంట్లోంచి తీసి డబ్బాలో వేసింది తను. దేముడమ్మ పిడికెడు వెనక్కి వేస్తుంది. తను సగం వేసింది. దానికే మెచ్చుకున్నారు. తన చెయ్యి చెప్పింది. తన లెక్క చెప్పింది. రెండిటినీ కాదని, లారీలు తూచేవాడి మాట నమ్మింది. నమ్మకపోతే ఏం చేసేది? కొట్టుకి పోనిచ్చేవారా? ఎవరూ చూడకుండా ఇంకో గుప్పెడు పోయలేకపోయిందా? పోయలేదు. ఒక్క మెప్పు కోసం పోయలేదు.

ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. పెరగాల్సినప్పుడు పెరగనిది తరవాత ఎంత పెట్టినా పూర్తిగా రాదు, పొట్టిగానే ఉండిపోవచ్చు, చదువులో వెనకపడొచ్చు అని కూడా చెప్పింది. నెమ్మదిగానే చెప్పింది.

సాయంత్రం ప్రేమ్‌కుమార్ వచ్చాడు. అతని ముందు నీళ్ళు తూచింది. పిండి తూచింది. అతను అంకె చూశాడు. సీసా చూశాడు. ముందు కాటా తప్పన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"ఇంత తెలిసినదానివి ముందే గట్టిగా సెప్పొద్దా?"

మర్నాడు డాక్టరమ్మ వచ్చినప్పుడు అతనే ముందుకొచ్చి మాట్లాడాడు. ఈవిడికి లెక్కలు తెలీవు మేడమ్, సీసా గీత చూసి పిండి పోసేసింది, పల్లెటూరి మనిషి అన్నాడు. డాక్టరమ్మ దేవిశ్రీ వంక జాలిగా చూసింది. పక్క మంచాల వాళ్ళు కూడా చూశారు. తన నోటి మాటకి ఎంత బరువుందో దేవిశ్రీ ఇనప పలక మీదే చూసింది.

దేముడమ్మ మధ్యాహ్నం క్యారేజీతో వచ్చింది. మనవరాలి తల నిమిరింది. కంటతడి పెట్టుకుంది కూడా. ఆవిడ ఏడుపు అబద్ధం కాదు. కళ్ళు తుడుచుకుని కోడలి పక్కన కూర్చుంది.

"పోన్లే, ఆడగుంట. ఎలాగోలా బతుకుద్ది. మల్లీ కడుపు పండితే నువ్వు దేనికీ భయపడకు. ఈపాలి నేనే దగ్గరుండి కొలుస్తాను."

దేవిశ్రీ క్యారేజీ విప్పింది. అత్తకి వడ్డించింది. తనూ తింది. గిన్నెలు కడిగింది. పిల్ల దగ్గర కాసేపు కూర్చోమని అత్తకి చెప్పి వరండా చివరి గదికి వెళ్ళింది. పిల్లలు వద్దనుకునే ఆడవాళ్ళు ఆ గది ముందు కూర్చోవడం ఆమె వచ్చిన రోజునుంచీ చూస్తోంది. కూర్చుంది. పేరు పిలిచారు. లోపలికెళ్ళి లూప్ వేయించుకుంటానని చెప్పింది.

అక్కడి సిస్టరు పెద్దావిడ. ఒక్క గుంటేనా అని అడిగింది. ఒక్కతే అంది దేవిశ్రీ. మీ ఆయనకి సెప్పేవా అని అడిగింది. చెప్పలేదు అంది.

"తెలిస్తే గొడవైపోద్దమ్మా. బాగా ఆలోసించుకున్నావా?"

దేవిశ్రీ అది ఒకసారి చూపించమంది. సిస్టరు విరిగిపోయిన పాతదొకటి సొరుగులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. దేవిశ్రీ వేళ్ళు ముడిచి, విప్పి, చెయ్యి కొంచెం పైకీ కిందికీ ఆడించింది.

"గ్రాము కూడా ఉండదు కదా మేడమ్?"

"ఎక్కడుంటది."

దేవిశ్రీ దాన్ని తిరిగి ఇచ్చేసి మంచం ఎక్కి పడుకుంది.

"అయితే ఆయన కాటాకి తెలీదు."