కడిగిన ఆకు

మూతబడ్డ బ్యాటరీల కార్ఖానా వెనక, ఉప్పు పొక్కిన నేలలో మరేదీ బతకలేదు. ఉప్పునేలను తట్టుకునే ఒక రకం పొదలు మాత్రం మోకాలెత్తున అల్లుకుపోయాయి. ఎండ ఎక్కేకొద్దీ వాటి ఆకులు తెల్లబడేవి. కంటికి కనిపించని మనిషెవరో వాటి మీద దుప్పటి కప్పుతూ వస్తున్నట్టుండేది.

ఆ ఉదయం ఆమె వెళ్లేసరికి, అక్క మొగుడు, అంటే బావ, మేపుకునే మేకలన్నీ కార్ఖానా గోడకు నుదుళ్లు ఆనించి నిలబడి ఉన్నాయి. పిలిస్తే తిరగవు, తోలితే కదలవు. పళ్లు నూరుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

“కార్ఖానాలో చనిపోయిన కూలీలు వాటిని పిలుస్తున్నారట. వీధంతా ఇదే మాట,” అన్నాడు బావ గొంతు తగ్గించి.

“దయ్యాలకు కబుర్లే కావాలంటే నీతో చెప్పుకునేవి కదా బావా, మేకలతో ఎందుకు?” అంది ఆమె.

“నాతోనా? మీ అక్క మాట్లాడే సందు ఇస్తే కదా మరదలు పిల్లా!”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు గోడకు తగిలి వెనక్కి వచ్చింది. మేకలు చెవి కూడా ఆడించలేదు.

ఆమె మట్టినీ పైరునూ పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టు. దయ్యాలను ఎన్నడూ లెక్కచేసిన మనిషి కాదు. కిందటి చలికాలంలో ఈ పొదల ఆకుల్ని తానే పరీక్షించి, సీసం హద్దుల్లోనే ఉందని తేల్చి, “నిక్షేపంగా మేపుకో బావా,” అని చెప్పింది. ఆ మేకల పాలే అక్క రెండు పూటలా తాగుతోంది. పెళ్లైన ఎన్నో ఏళ్లకు అక్క కడుపు పండింది. ఇప్పుడు ఏడో నెల.

ఆమె ఒక మేక కంటి ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. చూపు పోవడం, పళ్లు నూరడం, గోడకు తల ఆనించడం అన్నీ సీసం విషం ఒంటికెక్కిన లక్షణాలే. కానీ ఆకులో భయపడేంత సీసం లేదని తేల్చింది తానే కదా!

ఒక కొమ్మ తుంచి భూతద్దంలో చూసింది. ఆకు చర్మం నిండా సన్నని రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రం మీద ఒక్కొక్క తెల్లని పలుకు. ఉప్పునేల మొక్క బతికే తీరే అది. వేళ్లు పీల్చిన ఉప్పులో కొంత ఆకు లోపలి అరల్లో దాచుకుని, మిగిలినదాన్ని పైకి నెట్టేస్తుంది. ఆ దారినే సీసాన్ని కూడా వదిలించుకుంటుంటే? ఉప్పు రుచి మరిగిన మేకలు ముందుగా నాకేది ఆ పలుకులనే.

అప్పుడు ఆమెకు తన చేతులు చేసిన పని గుర్తొచ్చింది. దుమ్ము వల్ల లెక్క తప్పకూడదని, ఏ ఆకునైనా శుభ్రమైన నీటితో మూడుసార్లు కడిగాకే పరీక్షించడం ల్యాబ్ పద్ధతి. కిందటిసారీ ఎంతో శ్రద్ధగా, తళతళలాడేదాకా కడిగింది. మొక్క బయటపెట్టినదాన్నంతా తానే పారబోసింది.

కొమ్మను ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఈసారి ఆకునూ, కడిగిన నీళ్లనూ విడివిడిగా పరీక్షించింది. ఆకు ఎప్పటిలా నిర్దోషి. నీళ్ల దగ్గర మాత్రం అంకె ఎక్కుతూ ఎక్కుతూ యంత్రం కొలవగల హద్దును దాటిపోయింది. ఇది దయ్యమే అయి ఉంటే ఎంత బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకుంది.

వెంటనే ఫోన్ చేసింది. “అక్కా, ఆ పాలు ముట్టుకోకు.”

“ఇప్పుడేగా తాగి గ్లాసు బోర్లించాను. ఏమే, గొంతు అలా ఉందేం?”

ఆసుపత్రిలో అక్క రక్తం తీశారు. అందులో సీసం ఉండదగిన హద్దుకంటే ఎక్కువే ఉంది. “పాలు ఆపేశారుగా, మెల్లగా తగ్గుతుంది. బిడ్డ సంగతి మాత్రం పుట్టాకే చెప్పగలం,” అని డాక్టరు వెళ్లిపోయాడు.

“నువ్వే కదే ఆ ఆకులు మంచివన్నావు,” అంది అక్క. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకోవడం తేలికయ్యేది.

“తప్పు నాదే అక్కా. కడగకూడనిది కడిగాను.”

“అవన్నీ నాకు అర్థం కావు. బిడ్డకేం కాదని చెప్పు, చాలు.”

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“తెలియదక్కా.”

అక్క ఆమె చేతిని లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల ఏ అలికిడీ లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, ఒక్క కదలిక కోసం ఎదురుచూడసాగారు.