నిటారమ్మ దిద్దిన గోడ

పెళ్ళై పందొమ్మిది రోజులైంది. ఈ పందొమ్మిది రోజుల్లో నిటారమ్మకి లోకంలో నచ్చని వస్తువంటూ కనబడలేదు. అద్దె ఇంటి తాళం రెండుసార్లు తిప్పి, తలుపుని భుజంతో ఒక్క తోపు తోస్తేగానీ తెరుచుకోదు. అదీ ముద్దుగానే ఉంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద కప్పులో ఇద్దరూ వంతులేసుకుని టీ తాగడం, చివరి గుక్క ఎవరిదని పొద్దున్నే తగువు పడటం ఇంకా ముద్దుగా ఉంది. ఆ రోజు చివరి గుక్క ఆమెకే దక్కింది. ఆ గెలుపు మొహాన పూసుకునే స్టూడియోలో అడుగుపెట్టింది.

నిటారమ్మ అన్నది అసలు పేరు కాదు, పనిని బట్టి పడ్డ పేరు. ఆ స్టూడియోవాళ్ళు మనుషుల ఫొటోలు తీయరు, కట్టడాలవి మాత్రమే తీస్తారు. ఎత్తైన మేడ కింద నిలబడి తలెత్తి చూస్తే మనకి అది నిటారుగానే కనిపిస్తుంది. అదే చోటునుంచి ఫొటో తీసి చూడండి: పైకి పోయేకొద్దీ సన్నబడి, వెనక్కి వెల్లకిలా పడబోతున్నట్టుంటుంది. కెమెరా అబద్ధమేమీ ఆడలేదు. మన కన్నే సర్దుకుపోయే రకం. గోడ అన్నాక నిటారుగానే ఉంటుందిలే అని మనసు పక్కనుంచి చెబుతుంటే బుద్ధిగా తలూపేస్తుంది. కాగితం ముందు కూర్చుందా, ఆ కన్నే గయ్యాళి అత్తగారిలా వంకలు వెతుకుతుంది. అందుకే ప్రతి ఫొటోనీ కంప్యూటరులో పెట్టి, గోడల్ని లాగి నిలబెట్టే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషే ఈమె.

"అమ్మా నిటారమ్మా!" స్టూడియో పెద్దాయన లోపల్నుంచి కేకేశాడు. ఆయన్ని అందరూ గురువుగారనే అంటారు. "పాత గ్రంథాలయం పక్కవైపు ఫొటో ఉందే, అది పుస్తకం అట్టకి వేస్తారట. పైన ఇంకాస్త ఆకాశం కావాలట. దిద్దకముందు ఫొటో తెరిచి చూడు, ఏమైనా మిగిలిందేమో."

"చిటికెలో చూస్తా గురువుగారూ."

గ్రంథాలయం అన్న మాటకే ఆమెకి నవ్వొచ్చింది. అక్కడ పని చేయిస్తున్న ఇంజనీరు మొగుడుగారే మరి. మూడంతస్తుల ఆ పాత కట్టడానికి ముందువైపు రెండు ఇటుక స్తంభాలు తీసేసి, ఇనుప దూలం వేసి, గుమ్మం వెడల్పు చేస్తున్నారు. కొలతలు గీసుకోవడానికి ఫొటోలు ఈ స్టూడియోయే ఇచ్చింది. పెళ్ళైన వారంలోనే ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి.

దిద్దని ఫొటో తెరిచింది. దూరం నుంచి తీసింది గనక వెనక్కి పడే వంకర అందులో లేదు. ఆకాశం బోలెడు ఉంది. ఆకాశంతో పాటు ఒక వీధి దీపం స్తంభమూ, వెనక భవనం మూలా, దానికున్న వాననీళ్ళ గొట్టమూ ఉన్నాయి. మూడూ ఒకే మాట మీద నిలబడ్డ అన్నదమ్ముల్లా నిటారుగా ఉన్నాయి. గ్రంథాలయం ముందుగోడ ఒక్కటే వీధివైపు వాలి ఉంది.

మౌస్ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ రోజు ఏం చేసిందో గుర్తొచ్చింది. గోడ అంచుని ఆధారంగా పెట్టుకుని ఫొటో మొత్తాన్ని తిప్పింది. గోడ నిలబడింది. దాంతో దీపం స్తంభమూ గొట్టమూ రెండోవైపుకి ఒరిగాయి. వీధి స్తంభాలు ఎక్కడ తిన్నగా ఏడ్చాయి గనక అనుకుని, కూనిరాగం తీస్తూ వాటిని కత్తిరించి పారేసింది. నిజం చెప్పే సాక్షులు ముగ్గుర్నీ మెడపట్టి గెంటి, దొంగ మాట నమ్మినట్టయింది.

అసలు వాటిని ముట్టుకోనే కూడదు. పుస్తకాలకి ఇచ్చే ఫొటోలు దిద్దాలి, కొలతలకి ఇచ్చేవి ఎలా తీస్తే అలా పంపాలి. ఆ మాట ఆమె కుర్చీకి ఎదురుగానే ఎర్రటి అక్షరాలతో అంటించి ఉంది. ఆ వారం ఆమె కాళ్ళు నేల మీద లేవు, ఇక కళ్ళు అక్షరాల మీద ఏముంటాయి? చేతి అలవాటు కొద్దీ అన్నిటినీ దిద్దేసింది.

గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. "ఇవాళ పదకొండింటికి స్తంభాలు తీస్తాం," అన్నాడు మొగుడు పొద్దున కప్పు అందిస్తూ. గోడ నిటారుగా ఉంటే బరువు తిన్నగా కిందికి దిగుతుంది, నాలుగు ఆసరాలు పెడితే చాలు. వాలి ఉన్న గోడ కింద స్తంభం తీయడమంటే ముసలాయన చేతికర్ర లాక్కోవడమే. గోడ గోడంతా వీధిలోకి వచ్చేస్తుంది. దాని కింద మొగుడుంటాడు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. డ్రిల్లు హోరులో ఆయనకేం వినపడుతుంది!

"గురువుగారూ, కొలతల ఫొటోలు నేను దిద్దేశాను."

ఆయన వచ్చి తెర మీదికి వంగి చూశాడు. తిట్టలేదు. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది. "రెండు ఫొటోలూ అచ్చు తీసుకుని పరిగెత్తు," అన్నాడు. "వాళ్ళ ఆఫీసుకి నేను ఫోన్ చేస్తూనే ఉంటా."

నాలుగు వీధుల దూరం. ఒక చెప్పు రెండో వీధిలో తెగింది. రెండోది ఆమే విడిచేసింది.

గ్రంథాలయం ముందుభాగమంతా పరంజా కట్టి, పచ్చటి వల దించి ఉంది. ఎదురు కొట్టులో దర్జీ ఆమెని చూసి మిషను ఆపాడు. "ఏంటమ్మా కొత్త పెళ్ళికూతురా, చెప్పుల్లేకుండా వచ్చేశావ్? పొద్దున్నుంచి చూడక బెంగపెట్టుకున్నావా?"

ఆమె వినిపించుకోలేదు. అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరిదీ నువ్వూ నువ్వే, నలుగురిలో మాత్రం మీరు, ఏమండీ. ఆ మర్యాద ఇంకా మిగిలుంది.

"ఏమండీ! పని ఆపించండి!"

ఆయన తిరిగి చూసి, మొహమంతా నవ్వయ్యాడు. వెంటనే పనివాళ్ళున్నారని గుర్తొచ్చి ఆ నవ్వు మింగేశాడు. చెవి వెనక పెన్సిలున్న మేస్త్రీ అందుకున్నాడు: "ఆపేయండ్రా. ఇంటి మినిస్టర్ గారి ఆర్డరు. మనకి సారు ఆర్డరు కంటే పైది."

నలుగురూ నవ్వారు. డ్రిల్లు ఆగలేదు. ఎడమవైపు స్తంభం సగానికి సగం లేదు.

"పదకొండింటికన్నారు కదా!" ఆమె స్తంభంవైపు వేలు చూపించింది.

"తొందరగా మొదలెట్టాం." ఆయన గొంతు తగ్గించాడు. "తొందరగా ఇంటికి రావచ్చని."

ఆమె రెండు కాగితాలూ ఆయన చేతిలో పెట్టింది. "ఇది నేను మీకు పంపింది. ఇది అసలుది. గోడ వీధిలోకి వాలి ఉంది. నేనే నిలబెట్టేశాను."

ఆయన చూశాడు. రెండోసారి చూశాడు. "కానీ నేను దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశానే. తిన్నగానే ఉంది."

"ఎంత ఎత్తుదాకా?"

"ఆరడుగులు."

"ఆ ఆరడుగులూ కొత్త సిమెంటు పూత, ఫొటోలో చూడండి. నిటారుగా ఉన్నది పూత, గోడ కాదు."

మేస్త్రీకి పౌరుషం వచ్చింది. "అమ్మాయ్, ముప్పై ఏళ్ళుగా గోడలతోనే కాపురం చేస్తున్నా. వల కట్టకముందు వీధిలో నిలబడి ఈ కళ్ళతోనే చూశా. తిన్నగా ఉంది."

"నేనూ చూశాను బాబాయ్. నాకూ తిన్నగానే ఉంది. గోడ ఎదురుగా ఉంటే కన్ను సర్దుకుపోతుంది."

"మరి కాగితం మీద కూడా తిన్నగానే ఉందిగా? పంపింది నువ్వేగా?"

"నేనే. తప్పు నాదే. కొలతలకిచ్చేవి ముట్టుకోకూడదు, ముట్టుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితాల నుంచి తలెత్తలేదు. ఒకవైపు తన సంతకంతో గీసిన నక్షా, మరోవైపు పందొమ్మిది రోజుల పెళ్ళాం. చుట్టూ ఎనిమిది మంది పనివాళ్ళు. రేపట్నుంచి పెళ్ళాం మాట విని పని ఆపిన సారు అని పేరు పడితే ఈ పేటలో మళ్ళీ తలెత్తుకోలేడు. పైనుంచి చిటికెడు సున్నం రాలి ఆయన భుజం మీద పడింది. ఆయన దులుపుకోలేదు.

"నువ్వు ఏం ఆలోచించకు!" నలుగురి ముందూ అరిచేసింది. "పైనుంచి గుండు వెయ్యి. నాది తప్పైతే ఈ ఊరంతా నవ్వుకోనీ, నవ్వేది నన్నేగా!"

"డ్రిల్లు ఆపండి," అన్నాడాయన.

చప్పుడు ఆగాక తెలిసింది ఎంత చప్పుడుందో. ఎక్కడో లోపల ఇటుక మీద ఇటుక కదిలినట్టు చిన్న కిర్రు వినపడింది. అది అందరూ విన్నారు.

మేస్త్రీ గొణుక్కుంటూ మెట్లెక్కి, మూడో అంతస్తు కిటికీలోంచి దారం వదిలాడు. దారం చివర ఇత్తడి గుండు గోడకీ వలకీ మధ్య దిగింది. ఆయన కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె పక్కనే గొంతుక్కూర్చుంది. గాలికి గుండు ఊగుతోంది, ఇటొకసారి, అటొకసారి. ఊగినంతసేపూ అది ఏ మాటా చెప్పదు. ఆయన చేత్తో పట్టుకుని నిలబెట్టబోయాడు.

"ముట్టుకోకు," అంది. "దానంతటదే ఆగాలి."

ఊగు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఆగింది.

"పైన గోడకి ఎంత ఎడం పెట్టావ్ మేస్త్రీ?"

"రెండు వేళ్ళు సార్! కిందెంత?"

ఆయన గోడకీ దారానికీ మధ్య అరచెయ్యి చాపాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా పూర్తిగా చాపినా ఇంకా చోటు మిగిలింది. జానెడు దాటింది.

"కిందెంత సార్?"

"నిదానంగా దిగిరా," అన్నాడు, పసివాడికి చెప్పినంత మెత్తగా. "వెనక మెట్ల మీంచి. పరంజా ఎక్కకు. మిగతావాళ్ళు సామాను అక్కడే వదిలి బయటికి నడవండి. పరిగెత్తకండి."

ఒక్కొక్కరే వెళ్ళారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వూ రా."

"రాలేను. సగం స్తంభం లేదు. ఇలా వదిలేస్తే సాయంత్రానికి ఇది వీధిలో ఉంటుంది. నాలుగు జాకీలు బిగించాలి. పావుగంట." దిగివచ్చిన మేస్త్రీ ఇనుప జాకీ ఒకటి భుజానికెత్తుకున్నాడు. ఆయన ఆమె వేళ్ళు విడిపించుకున్నాడు. "నీకూ పని ఉంది. ఎదురుగా కొట్లన్నీ ఖాళీ చేయించు. వెళ్ళు."

ఆ పావుగంట నిటారమ్మ వెనక్కి చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని తెలుసు. మందుల కొట్టువాడు సున్నం రాలడం చూశాడు గనక చెప్పగానే కదిలాడు. దర్జీ కదలడే.

"పదేళ్ళుగా రోజూ ఈ గోడ మొహమే చూస్తున్నా తల్లీ. మా ఆవిడ మొహం కూడా అంత చూళ్ళేదు. వాలితే నాకు తెలీదూ?"

"రోజూ చూస్తున్నారు గనకే తెలియలేదు." అతని మోచెయ్యి పట్టుకుని వీధి మూలకి లాక్కెళ్ళింది. అక్కడినుంచి వల పక్కగా గోడ అంచూ, ఇంకా వేలాడుతున్న దారమూ రెండూ కనిపిస్తాయి. "ఒక కన్ను మూసి, దారాన్ని చూడండి. తర్వాత గోడని చూడండి."

దర్జీ ఒక కన్ను మూశాడు. కాసేపటికి రెండో కన్ను దానంతటదే పెద్దదైంది. కొట్లోకి పోయి, కత్తెరా కుట్టాల్సిన బట్టల మూటా చంకన పెట్టుకుని వచ్చేశాడు.

లోపల సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. ఆమె లెక్కపెట్టింది. దెబ్బ పడ్డంతసేపూ ఆయన ఉన్నట్టు. పదకొండో దెబ్బ తర్వాత ఆగిపోయింది. పన్నెండోది పడలేదు. దర్జీ మూటని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

పచ్చ వల పైకి లేచింది. ముందు మేస్త్రీ, వెనక ఆయన. ఇద్దరూ తలకి సున్నమేసుకున్నట్టు తెల్లగా ఉన్నారు. నడిచే వచ్చారు, పరిగెత్తలేదు. తాడు దాటాక మాత్రం ఆయన అరుగు మీద కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న ఊసే లేకుండా ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. సున్నం ఆమె నోట్లోకి పోయింది. ఆ రుచి కూడా నచ్చింది.

"ఆగింది," అన్నాడు. "రేపు పెద్ద ఆసరాలు వచ్చేదాకా ఆగుతుంది."

మేస్త్రీ గోడవైపే చూస్తున్నాడు. "ఇప్పుడు చూస్తుంటే మీదే పడేట్టుందే! పొద్దున ఎక్కడ దాక్కుందమ్మాయ్ ఈ వాలు?"

ఆమె జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. గురువుగారు.

"అందరూ బయటే ఉన్నారు గురువుగారూ," అంది. అవతల ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

"సరే. ఇప్పుడు నా మాట విను. ఆ వారంలో కొలతలకి ఇంకో కట్టడానివీ పంపాం. పాత నాటకశాలవి. అవీ...?"

ఆమె కళ్ళు మూసుకుంది. "అవీ దిద్దాను."

మొగుడు ఆమె భుజం మీంచి తలెత్తాడు. ఫోన్‌లో మాట ఆయనకీ వినపడింది. "అక్కడ పని ఎప్పుడు మొదలు?"

"మధ్యాహ్నం రెండింటికట," అంది గురువుగారిని అడిగి.

ఆయన లేచి నిలబడ్డాడు. మేస్త్రీ తన సంచిలోంచి ఇంకో గుండు తీసి, దారం చుట్టచుట్టి, ఆమె చేతిలో పెట్టాడు. "పద అమ్మాయ్," అన్నాడు. "ఈసారి ముందు నువ్వే వెయ్యి."

చెప్పుల్లేని కాళ్ళతో ఆమె ముందు నడిచింది.