మా ఇంటి ముడి

"దండెం ముడి విప్పడం రాదుగానీ, కోర్టులో ఉద్యోగం వెలగబెడుతోంది. అయినా అది మా ఇంటి ముడి, పరాయి పిల్లకెలా వస్తుంది?" పెళ్లయిన నాటి నుంచీ మా అత్తగారి పాట ఇదే.

నిజంగానే నాకు రాదు. తాడు ఉతకాలన్నా మా ఆయనే వచ్చి విప్పాలి. రెండు చుట్లు తిప్పి, కొసను కిందనుంచి వెనక్కి లాగి, మళ్లీ దాని మెడకే చుట్టేస్తారు. "గుంజేకొద్దీ బిగుస్తుందే! మా నాన్న నేర్పాడు. మా దళంలో ఒక్కడికీ రాదు" అని మురిసిపోతారు. సైన్యం నుంచి వచ్చాక ఆయన ఇంట్లో చేసిన పని అదొక్కటే. వంట, ఉతుకు, అత్తగారి మందులు, ఆయన కోపం, అన్నీ నా వంతు.

కోర్టులో నా పని టైపు కొట్టడం. వినాలి, కొట్టాలి, నోరు మూసుకోవాలి. ఇంట్లో చేసేదే, కాకపోతే జీతమిస్తారు. నిన్న సరిహద్దు పల్లె నుంచి ఒకావిడ బోనెక్కింది. యుద్ధంలో మన సైనికులే ఆమె భర్తను ఇంట్లోంచి ఈడ్చుకెళ్లి, చేతులు కట్టి కాల్చేశారట. కేసు వాళ్ల దళపతి మీద. "యుద్ధమన్నాక ఇవి మామూలేనండీ" అన్నాడు అతని వకీలు. జడ్జిగారు కళ్లద్దాలు తీశారు. "ఆయుధం పట్టనివాణ్ణి చంపడం మన దేశ చట్టంలోనే నేరం. కట్టినవాడైనా, కాల్చినవాడైనా, చెప్పినవాడైనా శిక్ష తప్పదు. పై అధికారి చెప్పాడంటే కుదరదు." కట్టినవాడెవరో మాత్రం ఇంకా తేలలేదు.

ఆమె తాడు ముక్క అడిగి బోను కమ్మీకి కట్టి చూపించింది. రెండు చుట్లు. కొస కిందనుంచి వెనక్కి. "పాతిపెట్టేముందు విప్పబోతే నావల్ల కాలేదయ్యా. నా మొగుడు గింజుకుంటుంటే కట్టినవాడు నవ్వాడు. గుంజకురా, గుంజేకొద్దీ బిగుస్తుంది అన్నాడు."

నా వేళ్లు ఆగిపోయాయి.

"అయిందామ్మా?" అన్నారు జడ్జిగారు నా టైపు వైపు చూసి.

"అయిందండీ" అన్నాను.

ఈ పొద్దున పెరట్లో బట్టలు ఆరేయబోతే దండెం ముడి కంటపడింది. చెప్తే నన్ను బతకనిస్తారా? చెప్పకపోతే ఆ చేతులకి రోజూ అన్నం ఎలా వడ్డించను? కత్తెర తెచ్చి, ముడి చెదరకుండా అటూ ఇటూ తాడు కోసి, దాన్ని అన్నం డబ్బా ఉన్న సంచిలో వేసుకున్నాను.

"దండెం కోశావేంటే?" ఆయన వెనకే నిలబడి ఉన్నారు.

"మాసిపోయిందండీ."

"పిలిస్తే విప్పేవాణ్ణిగా! ముడేది?"

"పారేశాను."

కోర్టుకి బయల్దేరితే, వీధి మలుపు దాకా ఆయన చూపు నా వీపు మీదే ఉంది. నేను పరిగెత్తలేదు. ఇవాళ టైపు ఇంకెవరైనా కొట్టుకోవాలి. సాక్షిని నేను.