వదిన దేవుడి కుడిచెవి

ఆ ఇద్దరికీ రక్తసంబంధం లేదు. మధ్యలో ఉన్న పిట్టగోడే చుట్టరికం. అటుపక్క ఆవిడ వయసులో పెద్దది కాబట్టి వదిన అయింది, ఇటుపక్కామె మరదలయింది. ఇద్దరి దేవుళ్ళూ వేరు, మందిరాలు వేరు, సెలవులు వేరు. అయినా ఒకరింట్లో పాలు విరిగితే ఆ పూట కాఫీ రెండో ఇంట్లో.

వదిన నోరు మంచిదని ఎవరూ అనరు. ఆ వీధిలో సగంమందికి పేర్లు పెట్టింది ఆవిడే. మరదలి భర్త చెవి మిషన్లు అమ్మే షాపులో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళను గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమంటాడు. ఆయనకు చెవులాయన అని పేరు పెట్టింది వదినే. "ఊళ్ళోవాళ్ళందరి చెవులూ బాగుచేస్తాడు, పెళ్ళాం పిలిస్తే మాత్రం వినపడదు" అని ఆయన ఎదురుగానే అనేది. ఆయన తల వంచుకుని నవ్వేవాడు.

భర్త పోయాక వదినకు మిగిలిన వ్యాపకం ఒక్కటే. సెలవు రోజుల్లో వాళ్ళ మందిరం వెనకగదిలో పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పేది. పులిలా గాండ్రించేది, రాజులా మీసం దువ్వేది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళమంటే వెళ్ళేవాళ్ళు కాదు.

ఒక మధ్యాహ్నం మరదలి వంటింట్లో గట్టుమీదికెక్కి కూర్చుని, కాళ్ళాడిస్తూ, వదిన ఉన్నట్టుండి అంది.

"మీ అన్నయ్య మంచాన పడ్డప్పుడు రోజూ వెళ్ళి మొక్కాను కదే. ఎందుకు వినలేదా అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నిన్న తెలిసింది. మా దేవుడికి కుడిచెవి పనిచెయ్యదు."

"అదేంటి వదినా!"

"ఆయన మనకెదురుగా ఉన్నాడనుకో, ఆయన కుడి మనకెడమ. నా చోటు ఎప్పుడూ ఎడమ పక్కేగా? కుడి పక్కన కూర్చునే వాళ్ళందరి మొగుళ్ళనూ చూడు. ఒక్కొక్కడూ గుండ్రాయిలా ఉన్నాడు."

మరదలికి నవ్వు తన్నుకొచ్చింది. కానీ వదిన ముఖం చూసేసరికి అది గొంతులోనే ఆగిపోయింది. వదిన చేతివెనకతో కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉంది.

పక్కగదిలో భోజనం చేస్తున్న చెవులాయన ఆ ముఖం చూడలేదు. ఆయనకు మాట ఒక్కటే వినపడింది. పొలమారేంత నవ్వాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు షాపు వార్షికోత్సవమని యజమాని చిన్న సభ పెట్టాడు. పాత పనివాడని చెవులాయనకు పూలగుత్తి ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. నలుగురిలో గొంతు పెగలని మనిషి. ఏం మాట్లాడాలో తోచక, తనకు తెలిసిన ఒకే ఒక్క మంచి జోకు అందుకున్నాడు. వదిన మతం పేరు చెప్పి, వాళ్ళ దేవుడికి కుడిచెవి వినపడదటండీ అన్నాడు. చెయ్యి చెవికానించి, మెడ వంచి, "ఆఁ? ఏమిటీ?" అని చెవిటి ముసలాళ్ళు అడిగినట్టు అడిగాడు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుకు ఆయనకు హుషారొచ్చింది.

"ఒకసారి మా షాపుకు పంపించండి. పరీక్ష ఉచితం. దేవుళ్ళకు మిషన్ మీద ప్రత్యేక తగ్గింపు కూడా ఉంది!"

యజమాని కూడా చప్పట్లు కొట్టాడు. తోటి పనివాడొకడు అదంతా ఫోనులో తీసి, మా అన్న ఎంత బాగా మాట్లాడాడో చూడండని తెలిసినవాళ్ళకల్లా పంపాడు. వాళ్ళు తెలిసినవాళ్ళకు పంపారు. ఆ నోటా ఈ నోటా కాదు, ఆ చేతా ఈ చేతా మందిరం దాకా వెళ్ళింది.

షాపు ముందు మనుషులు చేరారు. ఎవరూ రాయి విసరలేదు, అరవలేదు. ఊరికే నిలబడి లోపలికి చూశారు. వాళ్ళలోంచి ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చి, తన చెవిలోని మిషన్ తీసి బల్లమీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. దాన్ని అమర్చింది చెవులాయనే.

యజమాని షట్టరు సగానికి దించి ఆయన్ను పక్కకు పిలిచాడు. "నేనూ నవ్వాను, కాదనను. కానీ షాపు నాది కదయ్యా. ఎల్లుండి సాయంత్రం వాళ్ళ మందిరంలో పెద్దలు మాట్లాడతారట, వెళ్ళు. వాళ్ళు సరేనంటే పనిలోకి రా. లేదంటే ఇంకో చోటు చూసుకో."

ఇంకో చోటంటూ ఉంటే కదా? ఊరి మొత్తానికి చెవుల షాపు అదొక్కటే. యాభై దాటిన మనిషికి చేతిలో ఉన్నదీ ఆ ఒక్క పనే.

సంగతి తెలిసి మర్నాడు మరదలి తమ్ముడు పొరుగూరి నుంచి వచ్చాడు. వస్తూనే వేడి మీదున్నాడు.

"క్షమాపణేంటి బావా? ఎవర్నైనా కొట్టావా? తిట్టావా? ఓ మాటన్నావు. మాటకూడా ఒకళ్ళనడిగి అనాలంటే ఇంక నోళ్ళకు తాళాలేసుకుందాం. మన దేవుడి మీద వాళ్ళు జోకులెయ్యరా?"

"ఎప్పుడేశారురా?" అంది మరదలు.

"వేసే ఉంటార్లే అక్కా. మనకు వినపడలేదంతే."

"సరే, ఈ మాట రేపు మందిరానికొచ్చి నువ్వే చెప్పు."

"నేనెందుకు? నాకు రేపు ఆఫీసుంది."

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ నిజమంతా వాళ్ళ ముందు గదిలో పరిచేసి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు.

చెవులాయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. వీధిలోకి చూస్తూ అన్నాడు. "మిషన్ సరిగ్గా కూర్చోవడానికి ఆ ముసలాయన చెవికి అచ్చు తీసింది నేనే. మిషన్ పెట్టినరోజు, మనవరాలి గొంతు ఇలా ఉంటుందా అని ఏడ్చాడు."

మరదలు మెల్లగా దగ్గరికెళ్ళింది. "అది వదిన మాటే కదండీ. వాళ్ళ మనిషే అందని తెలిస్తే మనమీద అంత కోపం ఉండదేమో."

"నోర్మూసుకో." కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. "ఆవిడ వంటింట్లో అనుకుంది. మైకులో అన్నది నేను. ఆవిడ పేరు బయటికొచ్చిందంటే ఊరుకోను."

మరదలు నోరు మూసుకుంది. మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే పక్కింటికి వెళ్ళింది.

ఆ గొడవ మొదలైనప్పటి నుంచీ వదిన గోడ దగ్గరికి రాలేదు. ఇప్పుడు కింద కూర్చుని, పిల్లల కథకోసం దళసరి అట్టమీద సింహం ముఖం గీసి కత్తిరిస్తోంది. తలెత్తకుండానే "రా" అంది.

మరదలు గుమ్మంలోనే నిలబడింది. "చూశావా వదినా?"

"చూడకుండా ఉండనిస్తారా? ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తెచ్చి చూపించారు."

"ఆయన పాడుబుద్ధితో అనలేదు."

"బుద్ధంటూ ఉంటే కదే, పాడవడానికి!"

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. కత్తెర సింహం జూలు చుట్టూ తిరిగి వచ్చి ఆగింది.

"అడగవే," అంది వదిన. "వచ్చిన పని నోరు తెరిచి అడుగు. నాకై నేనే కనిపెట్టి ముందుకొస్తే, రేపు నువ్వు 'నేనడగలేదు, ఆవిడే చెప్పింది' అనుకుంటావు. ఆ సుఖం నీకివ్వను."

"ఆ మాట నీదని మందిరంలో చెప్పు వదినా."

"నాది కాదుగా."

"అదేంటి? మా వంటింట్లో కూర్చునే కదా నువ్వు..."

"నేను నా దేవుణ్ణి దెప్పుకున్నాను. మీ ఆయన అమ్ముకున్నాడు."

"మాటలవేగా!"

"అవే. నువ్వు మీ ఆయన్ని చచ్చినోడా అని రోజూ తిడతావు. అదే మాట నేనంటే ఊరుకుంటావా?"

మరదలు ఇంక మిగిలిన మాట చెప్పింది. "నీ పేరెత్తొద్దన్నాడాయన. నేనిక్కడికొచ్చినట్టు కూడా తెలీదు."

వదిన కత్తెర కింద పెట్టింది. "మంచోడే. అందుకే కోపం నిలబడి చావట్లేదు. చెబుతాలే."

"నిన్నేమీ చెయ్యరుగా?"

"కొడతారా, నరుకుతారా? మావాళ్ళు మంచివాళ్ళే తల్లీ." సింహం కళ్ళ దగ్గర వేలుపెట్టి, ఎక్కడ కొయ్యాలో చూసుకుంటూ అంది. "నా భయమల్లా ఆ మంచితనంతోనే."

ఆ మాటకు అర్థం అడగాలని మరదలికి అనిపించింది. అడిగితే ఒప్పుకున్న పని వెనక్కి పోతుందేమోనని అడగలేదు.

మందిరం హాలు విశాలంగా, చల్లగా ఉంది. చెవులాయన చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పయిందన్నాడు. వదిన పేరెత్తలేదు. మరదలు గోడవారగా, ఆడవాళ్ళ వెనక నిలబడింది.

మందిరం పెద్దాయన బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. నెమ్మదిగా మాట్లాడాడు. "నవ్వినందుకు కాదు బాబూ. నవ్వడం మాకూ వచ్చు. తగ్గింపన్నావు చూడు, అక్కడ తగిలింది."

"క్షమాపణతో సరిపోదండీ!" వెనకనుంచి ఒక యువకుడు లేచాడు. "ఇవాళ చెవన్నాడు, రేపు కన్నంటాడు. ఈయన ఉన్నంతకాలం ఆ షాపు మెట్టెక్కేది లేదు." చుట్టుపక్కల వాళ్ళు తలలూపారు. గుసగుసలు పెరిగాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ యజమాని గడియారం చూసుకున్నాడు.

ఎడమ పక్కన, తన చోట్లోంచి వదిన లేచింది.

"ఆ మాట మొదట అన్నది నేను."

హాలంతా అటు తిరిగింది. వదిన ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. మంచానపడ్డ మొగుడి గురించి, మొక్కుల గురించి, కుడిచెవి గురించి, గుండ్రాళ్ళలాంటి మొగుళ్ళ గురించి కూడా. ఎవరో ఆడమనిషి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. కుర్రవాడు దిగాలుగా కూర్చున్నాడు. తమ మనిషే అన్నాక బయటివాడి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది?

చెవులాయన వదినవైపు చూడలేదు. వెనక్కి తిరిగి, అందరినీ దాటుకుని, గోడవార ఉన్న పెళ్ళాన్ని చూశాడు.

పెద్దాయన కోప్పడితే బాగుండేది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కూర్చో తల్లీ. భర్త పోయిన మనిషి, దుఃఖంలో మనసు అదుపులో ఉండదు. దేవుడు క్షమిస్తాడు. మనమూ మరిచిపోదాం."

"నా మనసు బాగానే ఉందండీ. తెలిసే అన్నాను."

"సరే తల్లీ, సరే." జ్వరంలో పలవరించే పిల్లను ఓదార్చినట్టు అన్నాడు. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో. పిల్లలకు కథలు చెప్పే పని మా కోడలు చూసుకుంటుందిలే."

పక్కనున్న ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకొకావిడ మంచినీళ్ళు తెచ్చింది. ఒక్కళ్ళు కూడా పల్లెత్తు మాటనలేదు. వదిన ఏదో చెప్పబోయింది. అంత జాలి మధ్య అది ఎవరికీ వినపడలేదు.

చెవులాయన ఉద్యోగం దక్కింది. గాజుగదిలోకి మాత్రం యజమాని రానివ్వలేదు. వెనకగదిలో మిషన్లు శుభ్రం చేసే పనిచ్చాడు. ముసలాయన మళ్ళీ రాలేదు. ఇంట్లో చెవులాయన మరదలితో గొడవేమీ పెట్టుకోలేదు. తాళంచెవి ఎక్కడ, గొడుగు ఎక్కడ అని అవసరమైనంత వరకే అడిగేవాడు. ఇల్లు నిలబెట్టాను కదా అని ఆమె తనకు తాను చెప్పుకునేది. రోజూ చెప్పుకోవలసి వచ్చేది.

గోడ దగ్గర వదిన కనపడితే నవ్వేది, బాగున్నావా అనేది, లోపలికి వెళ్ళిపోయేది. చివరికి మరదలే ఉండబట్టలేక ఒకనాడు వాళ్ళింటికి వెళ్ళింది.

వదిన తలుపు తీసి ముందు గదిలోకి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళలో మరదలు ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి, ఎప్పుడూ తిన్నగా వంటింట్లోకే దూరేది. వదిన కుర్చీ మీది దుమ్ము దులిపి చూపించింది. పళ్ళెంలో గ్లాసు పెట్టి కాఫీ తెచ్చి, ఎదురుగా ఇంకో కుర్చీలో కూర్చుంది.

"మీ ఆయన ఆరోగ్యం బాగుందా?"

"బాగుంది వదినా."

"తమ్ముడు వచ్చాడా మళ్ళీ?"

"రాలేదు."

మరదలు గ్లాసు పట్టుకుని నేలకేసి చూసింది. "నన్ను నాలుగు తిట్టు వదినా. నీ నోరు నాకు తెలుసుగా. తిట్టేసెయ్."

"ఎందుకే తిట్టడం? నీ సంసారం నువ్వు చూసుకున్నావు." వదిన గొంతులో వెటకారం కోసం మరదలు వెతికింది. లేదు. "నేను ఇప్పుడెవర్నీ ఏమీ అనడం లేదు. ఏమన్నా పాపం మనసు బాగాలేదంటారు. మొన్న కూరలమ్మితో బేరమాడుతుంటే మావాళ్ళలో ఒకావిడ వచ్చి భుజం నిమిరింది."

"మందిరానికి వెళ్తున్నావా?"

"వెళ్తున్నా. కూర్చుని వస్తున్నా. ఇదివరకు వెళ్తే ఆయనతో ఇంత పోట్లాట పెట్టుకునేదాన్ని. ఎందుకు చేశావ్, నీకేం అన్యాయం చేశానని నిలదీసేదాన్ని. ఒక్కోసారి ఇంటికొచ్చాక కూడా పోట్లాడేదాన్ని. ఇప్పుడు నోరు రాదు." వదిన ఒళ్ళో చేతులు ముడుచుకుంది. "ఆయనా నేనూ మర్యాదగా ఉంటున్నాం."

మరదలు గ్లాసు ఖాళీ చేసింది, వదిలేసి వెళితే బాగుండదని. లేచి నిలబడితే వదిన కూడా లేచింది. ఎప్పుడూ పిట్టగోడ దాటి వెళ్ళే మనిషిని గేటు దాకా సాగనంపి, గడియ తీసి పట్టుకుని, ఆమె వీధిలోకి వెళ్ళేదాకా అక్కడే నిలబడింది.